ఏడో వరుసల తప్పిన గడి

జిరాక్సు షాపు పిలగాడు అడిగిండు
"కింద సర్వహక్కులూ మీవే అని కొట్టాల్నా మేడమ్?"
హన్మకొండ చౌరస్తాల, కరెంటు పోయి వచ్చిన నడుమ,
పన్నెండు పేజీల నా క్రోషే బుక్కు
బల్ల మీద ఇంకా వెచ్చగనే ఉంది.
ఊ అంటే అయిపోవు.

చైను నాది కాదు.
వేలికి దారం చుట్టుకున్న అందరిదీ అది.
డబుల్ ముడి నాది కాదు.
కాజీపేట రైల్వే క్వార్టర్లల సువార్తమ్మ సిస్టర్ నేర్పింది,
నైట్ డ్యూటీ దిగి కండ్లు మండంగ,
తప్పేస్తే హుక్కుతోనే వేళ్ళ మీద కొట్టి.
ఆమెకెవరు నేర్పిన్రో అడగాలని
నాకు తోచేటాళ్లకు ఆమె లేదు.
ఒక గడి నింపుడు, ఒక గడి ఇడుసుడు
ఉత్త లెక్క. లెక్కకెవడు పేరు పెడతడు?

మరి ఆ అంచు?

కొత్తవాడల దడి మీద జంపఖానా ఆరేసి ఉండె.
ఎరుపూ నీలమూ రంపం పండ్లై
ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నయి.
ఆటో ఆగిన రెండు నిమిషాలల
కరెంటు బిల్లు ఎన్కకు గీసుకున్న.
ఇంటికొచ్చి గళ్ళ కాగితం మీదికి దింపిన.
తెల్లదారంతోటి అల్లితే
బల్లగుడ్డ చూసినోళ్లంత అన్నరు
"ఏం బుర్రనే నీది!"
నేను నవ్విన.
దొంగతనం ఆ నవ్వు కాడ మొదలైంది,
గీసుకున్న కాడ కాదు.

ఆ గీత ఖాళీగ ఉంచుమని చెప్పి
పేజీలు సంచిల వేసుకొని కొత్తవాడ పోయిన.

గాజెంగి ఎల్లస్వామి పంజా పక్కకు పెట్టి
బల్లగుడ్డను మోకాళ్ల మీద పరుచుకున్నడు.
కండ్లతోటి కాదు, వేలితోటి చూసిండు.
ఒక పన్ను, ఇంకో పన్ను...
ఏడో వరుసల వేలు ఆగింది.
"ఈడ ఒక గడి తక్కువున్నది."
"మీ దాంట్ల గట్లనే ఉండె."
"ఎందుకుండదు?
ఆ దినం మా చిన్నోనికి జెరం.
ఒక కన్ను మగ్గం మీద, ఒక కన్ను మంచం మీద.
పంజా దెబ్బ పడ్డంక గాని తెలువలే.
ఇప్పుతే దినం కూలి పాయె. ఇడిసిన."

అంచు తిరిగిన ప్రతి మూలలా
ఆ పోరని జెరాన్ని
నేను ముచ్చటగ అల్లి పెట్టిన.

"మీ పేరు రాస్త" అన్న, గొంతు పెగుల్చుకొని.
"డిజైను మా నాయినది.
ఆయన మక్కకంకిని చూసిండో, ఎవని మగ్గాన్ని చూసిండో.
పండ్లు తీస్కపో, ఎవలి నోట్లయినా పండ్లే.
తప్పొక్కటే నాది.
దిద్దుతే దిద్దు, లేకుంటే నాదని రాయి."

చాయ్ గ్లాసు నేల మీద పెడుతూ రాజవ్వ అన్నది
"పేరు కూట్లెకు కూరైతదా?
ఒక్కో బుక్కు ఎంతకమ్ముతవ్?"
ఎనభై అన్న.
వేళ్ల కణుపుల మీద లెక్కేసింది.
"పదికి రూపాయి లెక్క ఇయ్యి."
సరే అన్న. కాగితం రాసుకోలే. చాయ్ తాగిన.

చౌరస్తాకు తిరిగొచ్చి కొట్టిచ్చిన:
ముడులు అందరివి.
డబుల్ నేర్పింది సువార్తమ్మ సిస్టర్.
పండ్ల అంచు కొత్తవాడది.
ఏడో వరుసల తప్పు గాజెంగి ఎల్లస్వామిది.
మూల తిప్పుడు ఒక్కటి నాది.
"తప్పుకు గూడ పేరేస్తరా మేడమ్?"
పిలగాడు నవ్వుకుంటనే అక్షరాలు సైజు తగ్గించిండు.
పెంచుమన్న.

మొన్న జమ్మికుంటల, కుట్టుమిషన్ల దుకాణం పక్కన
ఒకామె సోఫా కవర్లు పరిచింది.
వంగి లెక్కవెట్టిన. ఐదు. ఆరు. ఏడు.
గడి లేదు.
"మా సొంత డిజైనండి" అని నవ్వింది.
ఆ నవ్వు నాకు ఎరుకే.

కోపమొచ్చింది. అబద్ధమెందుకు,
మూల తిప్పుడు కోసమే ముందు వచ్చింది.
వేలు ఏడో వరుస మీదనే ఉంచి
"పిలగానికి జెరం తగ్గిందా?" అని అడిగిన.
ఆమెకు సమజ్ కాలే.

సంచిల ఒక బుక్కు మిగిలి ఉండె.
ఆఖరి పేజీ తెరిచి చేతికిచ్చిన,
ఎనభై అడిగి తీసుకున్న.
అండ్ల ఎనిమిది కొత్తవాడవి.